ఫహాహీల్ బజారులో మబ్రూకా

చలికాలం వచ్చిందంటే కువైట్‌లో మేముండే ఫర్వానియా సందుల్లో సాయంత్రం పూట ఉడికిన శనగల వాసన వస్తుంది. మన ఇళ్లలో వచ్చే వాసన కాదు. ఎండి నల్లబడిపోయిన నిమ్మకాయలను చిదిమి, ఎండుమిర్చితో కలిపి, ఆ నీళ్లలో శనగలు ఉడకబెడతారు ఇక్కడివాళ్లు. ఆవిరితో పాటు పులుపూ చేదూ కలిసిన ఒక ఘాటు ముక్కుకు తగులుతుంది. మొన్న ఆసుపత్రిలో మోకాళ్ల నొప్పికి మందులు తీసుకుని బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కన ఎవరో అలాంటి గిన్నె మీద మూత తీశారు. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. నేను మాత్రం ఫహాహీల్ బజారులో, బడి గోడ నీడలో, ఒళ్లంతా కప్పే నల్లటి అబాయా వేసుకుని పీట మీద కూర్చున్న ఒక ముసలామె ముందు నిలబడి ఉన్నాను. ఆమె పేరు మబ్రూకా. ఆమె పోయి చాలా ఏళ్లయింది. చిన్నతనంలో బానిసగా అమ్ముడుపోయిన మనిషి. ఇరాక్ సైన్యం ఈ దేశాన్ని ఆక్రమించుకున్న నెలల్లో, శనగలమ్ముకుంటూ ఆ సైనికుల మాటలు విని, ఎంతమంది ప్రాణాలు కాపాడిందో లెక్క చెప్పగలిగిన వాళ్లు లేరు. ఆమె గురించి ఎవరూ రాయలేదు. నేనైనా రాయాలనిపించింది.

మాది రాయచోటి దగ్గర చిన్న పల్లె. పదో తరగతి దాకా చదువుకుని, ఇంట్లో గడవక, యుద్ధానికి ముందు సంవత్సరం పనిమనిషి వీసా మీద ఫహాహీల్‌లో ఒక ఇంటికి వచ్చాను. ఇంటి ఆవిడ పేరు లతీఫా. పనిచేసే ఆడవాళ్లంతా యజమానురాలిని పిలిచినట్టే నేనూ ఆమెను మామా అనేదాన్ని. ఇక్కడ అది అమ్మగారు అన్నట్టు. చెడ్డమనిషి కాదు, చేయి చేసుకున్నది లేదు. కాకపోతే నాకు ముందు ఆ ఇంట్లో పనిచేసిన అమ్మాయి పేరు మేరీ. నా పేరు ఓబులమ్మ. నోరు తిరగదని నన్ను కూడా మేరీ అనే పిలవడం మొదలుపెట్టారు. పిల్లలూ అదే పేరు. ఒక వారం గడిచాక నాకూ అలవాటైపోయి పలకడం మొదలుపెట్టాను.

పెరట్లో ఒక చిన్న గదిలో మబ్రూకా ఉండేది. ఆఫ్రికా మనిషి. ముఖం మీద ముడతలు తప్ప మిగతా ఒళ్లంతా గట్టిగా ఉండేది. ఇంట్లో అందరూ ఆమెను యుమ్మా అనేవారు, అంటే అమ్మా అని. లతీఫా మామాను ఎత్తుకుని పెంచింది ఆమే. మొదట్లో నేను ఆమెను ఇంటి పెద్దావిడే అనుకున్నాను. నాకు నాలుగు ముక్కలు అరబ్బీ వచ్చాక ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నన్ను దగ్గరకు పిలిచింది.

"నీ పేరేంటి?" అని అడిగింది అరబ్బీలో.

"మేరీ" అన్నాను.

"అది ముందు పిల్ల పేరు. మీ అమ్మ పెట్టిన పేరు అడుగుతున్నాను."

చెప్పాను. నాలుగైదు సార్లు నోట్లో తిప్పుకుని, నా నోటి వంకే చూస్తూ, "ఓ-బు-లమ్మా" అంది. అచ్చం మా ఊళ్లో వాళ్లు పిలిచినట్టే వచ్చింది. ఇంటి నుంచి బయలుదేరాక ఆ పేరు వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు చెప్పింది తన సంగతి. చాలా చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఎవరో ఎత్తుకొచ్చి పడవలో వేశారట. ఆ పడవ లోపలి చీకటి, చేపనూనె వాసన గుర్తున్నాయి. చేతులు మారి మారి కువైట్ చేరింది. లతీఫా మామా తాత కొన్నాడు. యజమానులే మబ్రూకా అని పేరు పెట్టారు, దీవెన ఉన్నది అని అర్థం. వయసొచ్చాక విడుదల చేశారు గానీ, పోవడానికి ఆమెకు ఊరేది? "మా అమ్మ నన్ను ఏమని పిలిచేదో ఎంత ఆలోచించినా గుర్తురాదు. గొంతు గుర్తుంది, పేరు గుర్తులేదు. నీది నీకు గుర్తుండగానే గట్టిగా పట్టుకో" అంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరైనా నన్ను మేరీ అంటే, పెరట్లోంచి మబ్రూకా గొంతు వినిపించేది: "ఓబులమ్మా!" అని. నెల తిరిగేసరికి పిల్లలు కూడా నన్ను ఓబులమ్మా అనే పిలిచారు.

ఆగస్టులో ఇరాక్ ట్యాంకులు వచ్చాయి. మామా భర్త వ్యాపారం పని మీద దేశం బయట ఉండి తిరిగి రాలేకపోయాడు. మామాకు ఇద్దరు చిన్నపిల్లలు, కడుపులో మూడో బిడ్డ. ఆమె తమ్ముడు యూసుఫ్ మాతోనే ఉండేవాడు. యువ డాక్టరు. సైనికులు ఆసుపత్రుల్ని స్వాధీనం చేసుకున్నాక అక్కడ పని మానేసి, వాళ్లతో పోరాడి గాయపడిన కుర్రాళ్లకు ఇళ్లలోనే రహస్యంగా వైద్యం చేయడం మొదలుపెట్టాడు. దొరికితే కాల్చేస్తారని అందరికీ తెలుసు.

బజారులో బేకరీలో పిండి పిసికే సుబ్బరాయుడన్న మా జిల్లా వాడే. ఒకరోజు రొట్టెల కోసం వెళితే, "ఓబులమ్మా, మన దేశపోళ్లంతా బస్సుల్లో బస్రా మీంచి జోర్డానుకు పోతాండారు. ఆడ్నుంచి విమానాలుండాయంట. పాస్‌పోర్టుంటే నువ్వూ పో తల్లీ" అన్నాడు. నా పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. అడగడానికి నోరు రాక రెండు రోజులు తిండి కూడా సరిగ్గా తినలేదు. నా ముఖం చూసి మబ్రూకా సంగతి రాబట్టింది. నన్ను వెంటబెట్టుకుని నేరుగా మామా గదిలోకి వెళ్లింది.

"లతీఫా, బీరువా తియ్యి. ఈ పిల్ల పాస్‌పోర్టు దాని చేతికియ్యి."

మామా బిత్తరపోయింది. "యుమ్మా! ఇది వెళ్లిపోతే నా గతేం కావాలి? నా పరిస్థితి చూస్తున్నావుగా!"

"చూస్తున్నాను. వెళ్తుందో ఉంటుందో అది చెప్పాలి, నువ్వు కాదు. నన్ను మీ ఇంట్లో ఎవరూ గొలుసులతో కట్టలేదు. అయినా ఈ వాకిలి దాటి పోలేకపోయాను. ఎందుకంటే ఎవరి మనిషివి అని దారిలో అడిగితే, నేను నా మనిషినే అని చెప్పుకోవడానికి నా చేతిలో ఏమీ లేదు."

మామా కళ్లు తుడుచుకుని లేచి బీరువా తీసి, నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది. మబ్రూకా నా భుజం మీద చెయ్యి వేసి, "ఇక వెళ్లినా నువ్వే వెళ్లినట్టు, ఉన్నా నువ్వే ఉన్నట్టు" అంది. ఆ మాట నన్ను నిజంగానే తేలిక చేసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. పొద్దున్న లేచి ఆలోచిస్తే, గర్భిణిని ఇద్దరు పిల్లలతో అలా వదిలి పోవడానికి నాకు మనసు ఒప్పలేదు. కాన్పు అయ్యేదాకా ఉంటానని చెప్పాను. తీరా కాన్పయ్యేసరికి బస్సులు తగ్గిపోయాయి. అయినా ఎప్పుడూ నేను ఇరుక్కుపోయాననుకోలేదు. ఉండిపోయాననే అనుకున్నాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే మబ్రూకా తన పాత శనగల గిన్నె బయటకు తీసింది. యుద్ధానికి ముందు బజారులో అమ్మేది కాబట్టి మూటలకొద్దీ శనగలు గదిలో ఉన్నాయి. ఫహాహీల్ బజారు పక్కనున్న బడిలో సైనికులు మకాం పెట్టారు. సరిగ్గా ఆ బడి గోడ కిందే పీట వేసుకుని కూర్చుంది. సైనికులకు తిండి సరిగ్గా అందేది కాదు. వేడి శనగల కోసం చుట్టూ మూగేవాళ్లు. హజ్జియా, హజ్జియా అని, హజ్ యాత్ర చేసొచ్చిన పెద్దావిడను పిలిచినట్టు మర్యాదగా పిలిచేవాళ్లు. ఆమె కొసరు కూడా వేసేది. మా సందులో వాళ్లకు ఇది మింగుడు పడలేదు. ఎదురింటావిడ మా గుమ్మం ముందు ఉమ్మి, "మన పిల్లల్ని చంపేవాళ్లకు తిండి పెడుతోంది. ఎంతైనా కొనుక్కొచ్చిన రక్తం కదా" అని అందరూ వినేలా అంది. మబ్రూకా విని, తల కూడా తిప్పకుండా గిన్నె తోముకుంది.

రోజూ గిన్నె మోయడం, ఖాళీ అయితే ఇంటి నుంచి మళ్లీ నింపుకుని వెళ్లడం నా పని. అప్పుడప్పుడూ నాతో ఒక మాట చెప్పి పంపేది. "యూసుఫ్‌తో చెప్పు, బేకరీ సందులో నిమ్మకాయలు కుళ్లిపోయాయని." ఇంకోసారి మసీదు వెనక నిమ్మకాయలు. నేను చెప్పేదాన్ని. యూసుఫ్ ముఖం మారేది, వెంటనే ఎవరినో పంపేవాడు. ఆ సాయంత్రమో మర్నాడో సరిగ్గా ఆ సందులోనే సైనికులు సోదాకు దిగేవారు. ఏమీ దొరక్క తిట్టుకుంటూ వెళ్లిపోయేవారు. రెండుమూడు సార్లు అలా జరిగేసరికి నాకు అనుమానం వచ్చింది.

ఒకరోజు పెరట్లో శనగలు ఏరుతూ అడిగాను. "యుమ్మా, వాళ్లు ఎక్కడికి వెళ్తారో నీకెలా తెలుస్తోంది?"

"నేనేం చేస్తాను? కూర్చుంటాను. వాళ్లు మాట్లాడుకుంటారు."

"నీ ఎదురుగానే?"

ఆమె నవ్వింది. "వాళ్ల లెక్కలో నేను మనిషినైతే కదా, నా ఎదురుగా మాట్లాడినట్టు? నల్లటి ముసలిదాన్ని, శనగలమ్ముకునేదాన్ని. చిన్నప్పుడు నన్ను అమ్మేవాళ్లు కూడా అంతే. నన్ను పక్కన కూర్చోబెట్టుకునే, రేపు దీన్ని ఎవరికిద్దామని మాట్లాడుకునేవారు. అప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. వినడం ఒక్కటే నాకు మిగిలిన ఆస్తి. ఇన్నాళ్లకు అది ఒకరికి పనికొచ్చింది."

"భయం వెయ్యదా?"

"ఎందుకు వెయ్యదూ! పొద్దున్నే కాళ్లు వణుకుతాయి. అందుకే కూర్చుని చేసే పని పెట్టుకున్నాను" అంది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆ ఇంట్లో ఆ నెలల్లో అంతగా నవ్విన రోజు ఇంకొకటి గుర్తులేదు.

చలి ముదిరాక జరిగింది అసలు సంగతి. అప్పటికి కొద్ది రోజుల ముందే మామాకు ఆడపిల్ల పుట్టింది. యూసుఫ్ తొడలో తూటా దిగిన ఒక కుర్రాణ్ని తెచ్చి మా ఇంటి వెనక గదిలో దాచాడు. ఆ రోజు నేను మధ్యాహ్నం వేళ రెండో గిన్నె తీసుకుని బడి దగ్గరకు వెళ్లేసరికి, ఒక అధికారి మబ్రూకా పక్కనే గోడకు ఆనుకుని, శనగలు తింటూ ఇంకొకడితో మాట్లాడుతున్నాడు. మబ్రూకా నన్ను చూసింది. ఆమె ముఖంలో నేనెప్పుడూ చూడని కోపం. నేను తెచ్చిన గిన్నెలో వేలు ముంచి నోట్లో పెట్టుకుని, ఒక్కసారిగా అరిచింది.

"ఉప్పేదీ? ఎన్నిసార్లు చెప్పాలి నీకు, బానిసదానా! మనింట్లో నిమ్మకాయలు కుళ్లిపోయాయి, ముక్కు లేదా నీకు? పో, ఇప్పుడే పోయి మీ మామాకు చూపించి పారేయించు!"

నా చేతిలో గిన్నె జారింది. జీవితమంతా తన వీపు మీద మోసిన మాటను నా మీద విసిరింది ఆమె. అధికారి పకపకా నవ్వి, "హజ్జియాకు కోపం వచ్చింది" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. మనింట్లో, అంది. మనింట్లో.

ఏడుపు ముఖంతోనే పరుగెత్తాను. సందు మొదట్లో కాపలా ఉన్న సైనికుడు తుపాకీ అడ్డం పెట్టి ఏమైందన్నాడు. "ముసలామె తిట్టింది, ఉప్పు తెమ్మంది" అన్నాను. నా కన్నీళ్లు నిజమైనవే కాబట్టి వాడు నమ్మాడు. జాలిపడి దారిచ్చాడు కూడా.

ఇంట్లో చెప్పగానే మామా ఒక్క క్షణం కూడా వృథా చేయలేదు. తన అబాయాలు రెండు తీసి తమ్ముడికీ ఆ కుర్రాడికీ కప్పి, ముఖాలకు నల్లటి తెర వేసింది. బేకరీ ముందు ఆ వేళకు ఆడవాళ్ల వరస ఉంటుంది. అందులో కలిసిపొమ్మంది. నడవలేని ఆ కుర్రాడు ముసలామెలా నా భుజం పట్టుకుని కుంటుతూ వచ్చాడు. యూసుఫ్ వెనక. అబాయా కింద యూసుఫ్ పెద్ద పెద్ద చెప్పులు టపటపమని చప్పుడు చేస్తున్నాయి. వరసలో నిలబడ్డాం. కిటికీలోంచి రొట్టెలు అందిస్తున్న సుబ్బరాయుడన్న మా వంక చూశాడు, తర్వాత కిందికి చూశాడు. ముఖంలో ఏమీ కనిపించనీయకుండా తెలుగులో అన్నాడు.

"ఓబులమ్మా, ఆ అవ్వ కాళ్లు సూడు, మా పెదనాయన కాళ్ల మాదిరుండాయి. ఎనకమాల వాకిలి తీసే ఉంది. బిరీన లోపలికి దోలుకోని రా."

"అన్నా, వాళ్లు మా ఇంటికి వచ్చాండారు" అన్నాను.

"రానీ. ఈడ పిండి మూటలు చానా ఉండాయి."

ఇద్దరినీ పిండి మూటల వెనక కూర్చోబెట్టాడు. నేను రొట్టెలు తీసుకుని ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు సైనికుల బండి ఉంది. లోపల గదులన్నీ కింద మీద చేశారు. వెనక గదిలో మామా పరుపు మీద కూర్చుని పసిపిల్లకు పాలిస్తోంది. ఆ కుర్రాడి రక్తం మరకలున్న దుప్పటి మీదే కూర్చుని, "కాన్పు గది ఇది, సిగ్గు లేదా మీకు?" అని కేకలేస్తోంది. వాళ్లు తలలు దించుకుని బయటకు నడిచారు. బండి సందు మలుపు తిరిగాక మామా, నేను ఒకరినొకరు పట్టుకుని నేల మీద కూలబడ్డాం. ఏడుస్తున్నామో నవ్వుతున్నామో మాకే తెలియలేదు. పసిపిల్ల మాత్రం హాయిగా పాలు తాగుతూనే ఉంది.

సాయంత్రం మబ్రూకా వచ్చింది. పీట కింద పెట్టి, ముందు నా దగ్గరకొచ్చి నా ముఖం రెండు చేతుల్లో పట్టుకుంది. "ఆ మాట నా నోట్లోంచి వచ్చింది గానీ నా కడుపులోంచి రాలేదు, ఓబులమ్మా." నేను, "ఆ మాటే మమ్మల్ని కాపాడింది యుమ్మా" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "కాపాడింది నువ్వు పరుగెత్తిన పరుగు" అంది.

ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున్న బడి ఖాళీగా కనిపించింది. సైనికులు వెళ్లిపోయారు. తగలబడుతున్న నూనె బావుల పొగతో పట్టపగలే ఆకాశం నల్లగా ఉంది, ముఖాల మీద మసి. అయినా జనం వీధుల్లోకి వచ్చి ఎగిరి గంతులేశారు. ఆ సంబరంలోనే కొందరు మా ఇంటి మీదికి వచ్చారు. ఎదురింటావిడ ముందు నిలబడి, "సైనికులకు శనగలు పెట్టిన ఆ ముసలిదాన్ని బయటకు పంపండి" అంది. మబ్రూకా తన గది గుమ్మంలో కూర్చుని ఉంది, లేవలేదు. ఒక్క మాట తన గురించి చెప్పుకోలేదు.

యూసుఫ్ వాళ్లకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "మీ అబ్బాయిని సోదాకు ముందు వెనక గోడ దూకించారు, గుర్తుందా?" అని ఎదురింటావిడను అడిగాడు. "ఆ కబురు ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? మసీదు వెనక, బేకరీ సందులో, మా ఇంట్లో... ప్రతి కబురూ ఈమె చెవుల్లోంచే వచ్చింది." ఎదురింటావిడ నెమ్మదిగా వచ్చి మబ్రూకా ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆమె నుదుటిని ముద్దుపెట్టుకుంది. మబ్రూకా ఆమె చెయ్యి తట్టి, "పిల్లవాడు బాగున్నాడా?" అని మాత్రం అడిగింది. నాకు గుండెల మీంచి పెద్ద బండ ఏదో దించినట్టయింది. బతికి బయటపడినందుకు కన్నా ఆ క్షణానికే నేను ఎక్కువ ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత సన్మానాలు జరిగాయి. పోరాడిన వాళ్ల ఫోటోలు వేశారు, పేర్లు చదివారు. మబ్రూకా పేరు ఎక్కడా రాలేదు. యూసుఫ్ ఒకరిద్దరు పెద్దలకు చెప్పి చూశాడు. శనగలమ్మే ముసలామె అంటే వాళ్లు మర్యాదగా నవ్వి ఊరుకున్నారట. అతను కోపంగా ఇంటికొస్తే మబ్రూకాయే సముదాయించింది.

సముద్రం ఒడ్డున పాతిపెట్టిన మందుపాతరలు తీసేశాక, ఒక శుక్రవారం మామా మమ్మల్నందరినీ ఫహాహీల్ ఒడ్డుకు తీసుకెళ్లింది. ఆకాశం అప్పటికి తేటపడింది. పిల్లలు నీళ్లలో ఆడుతున్నారు. చుట్టూ ఎవరెవరో కుటుంబాలు, రకరకాల మాటలు. నాకు అలవాటు కొద్దీ, "ఏమంటున్నారు యుమ్మా వాళ్లు?" అని అడిగాను.

"ఏమో! వినడం లేదు" అంది. అని చాప మీద ఒరిగి, ముఖానికి ఎండ తగలనిచ్చి, కళ్లు మూసుకుంది. కాసేపటికి సన్నగా గురక. అన్ని రోజులు ఒకే ఇంట్లో ఉన్నా ఆమె నిద్రపోవడం నేను చూసింది అదే మొదటిసారి. నేను ఎప్పుడు వెళ్లినా మెలకువగానే ఉండేది. తల ఎప్పుడూ కాస్త ఒక పక్కకు వంచి, ఏదో వింటున్నట్టుండేది. ఆ రోజు జనం మధ్యలో, పట్టపగలు, నోరు కొద్దిగా తెరుచుకుని చిన్నపిల్లలా పడుకుంది. మామా ఆమెను లేపబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. పొద్దు వాలేదాకా ఆమె పక్కనే కూర్చున్నాను. మబ్రూకా ఆ తర్వాత ఇంకొన్నేళ్లు బతికి, పెరట్లోని తన గదిలోనే మామా చేతుల్లో ప్రశాంతంగా పోయింది.

ఇప్పుడు ఫర్వానియాలో నా గదికి అప్పుడప్పుడూ కడప నుంచో, రాయచోటి నుంచో వచ్చిన ఆడపిల్లలు వస్తుంటారు, ఏదో ఒక ఇంట్లో ఉండలేక బయటపడి. కాగితాల సంగతి, మన ఎంబసీ సంగతి తర్వాత. మొదటి రోజు వాళ్లు ఏమీ చెప్పరు, కూర్చున్న చోటే కళ్లు మూతలు పడతాయి. గదిలో ఉన్నవాళ్లు, "పాపం, ఏమీ తినలేదు, లేపక్కా" అంటారు. నేను లేపను. అన్నం మీద మూత పెట్టి పక్కన ఉంచి, తలుపు దగ్గర కూర్చుంటాను. ఎంతసేపైనా సరే, వాళ్లంతట వాళ్లు లేచేదాకా.